టెల్మార్క్ మీద చుక్క

సెప్టెంబర్ 8

తమ్ముడు నా మీద రాష్ట్ర కమిషన్‌కి ఫిర్యాదు పెట్టాడు. కాగితం మీద మా పేర్లు లేవు. ఒకవైపు ఎల్డన్ టెలిఫోన్ కోఆపరేటివ్, ఇంకోవైపు ఎల్డన్ కౌంటీ. కోఆపరేటివ్‌కి మేనేజరు వెర్లిన్. కౌంటీలో ఆపదలో నొక్కే 911 నంబరు వ్యవహారమంతా చూసేది లవోన్, అంటే నేను. ఒక కడుపున పుట్టిన ఇద్దరం ఇప్పుడు వాదీ ప్రతివాదీ అయ్యాం.

కొత్త నిబంధనలో తికమక ఏమీ లేదు. పాత 911 దారి వదిలేసి కొత్త నెట్‌వర్క్‌లోకి మారతామని కౌంటీ అడిగితే ఫోన్ కంపెనీ ఏడాదిలోగా కాల్స్‌ని అక్కడికి చేర్చాలి. పాత దారిలో సెల్ కాల్ ఏ టవర్‌ని తాకితే ఆ టవర్ ఉన్న కౌంటీకి పోతుంది. కొత్త దారిలో మనిషి ఎక్కడున్నాడో చూసి అక్కడివాళ్లకే పోతుంది. మా 911 కేంద్రంలో తెర మీద ఆ చోట చుక్క పడుతుంది. నేను మేలో అడిగాను. వెర్లిన్ ఇన్నాళ్లూ ఉలకలేదు, పలకలేదు. ఇప్పుడేమో కౌంటీయే సిద్ధంగా లేదు, మూడేళ్లు వాయిదా వెయ్యండి అంటున్నాడు.

మేలో ఎందుకు అడిగానంటే నిబంధన మాకు వర్తించింది అప్పుడే. మా ఆయన మైరన్ చేతికీ దానికీ సంబంధం లేదు.

సెప్టెంబర్ 10

వెర్లిన్ ఫోన్ చేశాడు. "కౌంటీ మేడం గారికి కాగితం అందిందా?" అన్నాడు. అందిందన్నాను. ఆదివారం వాళ్లావిడ ఆర్లీన్ పంది మాంసం వండుతోంది, బావని తీసుకుని రమ్మన్నాడు. ఫిర్యాదు పెట్టినవాడింట్లో భోజనమేమిటన్నాను. అది ఆఫీసు పని, ఇది ఇల్లు అన్నాడు.

వాడి గోల వాడిది. కాల్స్‌ని కొత్త నెట్‌వర్క్ ఉన్న రాజధాని దాకా మోసే ఖర్చు కోఆపరేటివ్ మీద పడుతుంది. కోఆపరేటివ్ అంటే వేరే ఎవరో కాదు, సభ్యులు, అంటే ఈ కౌంటీ రైతులే. బిల్లు పెరిగితే వాళ్లు పట్టుకునేది వాడి చొక్కానే. అదంతా నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండిపోతోంది.

భోజనానికి వెళ్లను.

సెప్టెంబర్ 17

కమిషన్ తరఫున విచారించేది డెల్గాడో అనే ఆవిడ. ఉత్తరువు పంపింది. కౌంటీలో మనుషులు కాపురముంటున్న ప్రతి టౌన్‌షిప్ నుంచీ కనీసం ఒకరు, తమ ఇంట్లోంచి, తమ ఫోన్‌తో 911కి పరీక్ష కాల్ చెయ్యాలి. ఆ కాల్ కొత్త దారిలో రావాలి, కొత్త తెర మీద చుక్క సరైన చోట పడాలి. నవంబర్ 6లోగా అన్నిటికీ చుక్క పడితే ఏడాది గడువు ఖాయం. ఒక్క టౌన్‌షిప్ తగ్గినా వెర్లిన్ అడిగిన మూడేళ్లూ ఇచ్చేస్తుంది.

చదివి నవ్వుకున్నాను. ఫోన్ చెయ్యడమే కదా. వారంలో అయిపోతుంది.

సెప్టెంబర్ 27

పేపర్లో వేయించాను. రేడియోలో పంది ధరలకి ముందూ తర్వాతా చెప్పించాను. ధాన్యం నిలవచేసే ఎలివేటర్ దగ్గర బోర్డు పెట్టించాను. "పరీక్ష కాల్ మీ హక్కు. మీ ప్రాణరక్షణ కోసం ఇప్పుడే 911 నొక్కండి." ఆ వాక్యం నేనే రాశాను, బాగుందనుకున్నాను.

ఒక్క కాల్ కూడా రాలేదు. కార్లా కొత్త తెర ముందు కూర్చుని స్వెటర్ అల్లుతోంది. మా కేంద్రంలో అందరికంటే పాత ఆపరేటర్ ఆమె. సగం స్వెటర్ అయిపోయింది.

అక్టోబర్ 3

ఇవాళ హార్లన్ స్టెన్విక్ బెర్గెన్ టౌన్‌షిప్ నుంచి బండేసుకుని మా కేంద్రానికొచ్చాడు. సోయా కోతలు వదిలేసి మరీ. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, తన ఫోన్ శుభ్రంగా పనిచేస్తోందని, కాల్ చేసి మాకు శ్రమ కలిగించడమెందుకని స్వయంగా చెప్పిపోదామని వచ్చానని అన్నాడు. కాల్ చెయ్యాలి స్టెన్విక్ గారూ, చేస్తేనే లెక్క అన్నాను. తలాడించి వెళ్లిపోయాడు. కాల్ రాలేదు.

నిన్న ఐయోన్ బాకెన్. 911 నొక్కిందట, మోగేలోపే పెట్టేసిందట, రాత్రంతా నిద్ర పట్టలేదట. క్షమాపణగా ఒక పళ్లెం నిండా గుమ్మడికాయ కేకు ముక్కలు చేసుకొచ్చింది. కార్లా నాలుగు తింది.

నేను తినలేదు. వీళ్లందరి చేతా ఇది చేయిస్తున్నది ఎవరో నాకు తెలిసిపోయింది. కోఆపరేటివ్ బిల్లు తిప్పి చూశాను. వెనక అచ్చయి ఉంది: "నిజమైన ఆపద ఉంటే తప్ప 911 నొక్కకండి." ఆ వాక్యం అక్కడ ముందునుంచీ ఉందని కార్లా అంటుంది. ఉంటే ఉండనీ. ఈ నెలలో తీసెయ్యొచ్చుగా?

అక్టోబర్ 5, ఆదివారం

చర్చి అయ్యాక కింద హాల్లో కాఫీ దగ్గర వెర్లిన్‌ని పట్టుకున్నాను. బిల్లు వెనక బెదిరింపులు అచ్చేయించి ముసలివాళ్లని భయపెడుతున్నావన్నాను. గట్టిగానే అన్నాను. కాఫీ పోస్తున్నవాళ్లు పోయడం ఆపేశారు. అందరూ తమ తమ ప్లేట్లలో కేకు ముక్కల్ని అవేవో కొత్త వస్తువుల్లా చూస్తున్నారు.

వెర్లిన్ కప్పు కింద పెట్టాడు. "అక్కా, నీతో కమిషన్ ముందు కొట్లాడతాను. నా సభ్యులకి మాత్రం అబద్ధం చెప్పను. ఆ మాట నీకు తెలిసే ఉండాలి" అన్నాడు. కోటు తీసుకుని వెళ్లిపోయాడు. ఆర్లీన్ వాడి వెనకే.

నేను అన్నది నిజమే. ఎవరో ఒకరు అనాలి.

అక్టోబర్ 6

మైరన్ ఇవాళ జామ్ సీసా మోకాళ్ల మధ్య బిగించి కుడిచేత్తో మూత తిప్పుతూ అన్నాడు, "వెర్లిన్ అలాంటివాడు కాదు." నేను తీసిస్తానంటే వద్దన్నాడు. చాలాసేపు పట్టింది. తీశాడు.

అక్టోబర్ 9

కాల్స్: లేవు.

అక్టోబర్ 14

డెల్గాడో గారు కౌంటీ కోర్టు హాల్లో ప్రజల మాట వినడానికి వచ్చారు. కోతలు నడుస్తున్నా హాలు నిండిపోయింది. వెర్లిన్ ముందు వరసలో కూర్చున్నాడు, నావైపు చూడలేదు. రాష్ట్రం తరఫు లాయరు కొత్త నెట్‌వర్క్ ఎందుకు కావాలో చెబుతూ ఏప్రిల్ నాటి రికార్డింగు ఒకటి వినిపిస్తానన్నాడు. అది మైరన్ కాల్. మైరన్ ఒప్పుకున్నాడట. నాతో చెప్పలేదు. నది అవతలి కౌంటీవాళ్లు పంపిన ఆ రికార్డింగు ఆరు నెలలుగా నా ఆఫీసు కంప్యూటర్లోనే ఉంది. నేను ఒక్కసారీ వినలేదు. టైం దొరకలేదు.

లేచి వెళ్లిపోదామనుకున్నాను, వెళ్లలేదు.

మైరన్ గొంతు మామూలుగా ఉంది. విత్తనాల కొట్లో బేరమాడుతున్నట్టే ఉంది. "హలో అండీ. ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు వేరే పనిలో ఉంటే కాసేపాగి చేస్తాను. ఇక్కడ ధాన్యం ఎత్తే మరలో నా ఎడమ చెయ్యి పడింది." నది అవతలి కౌంటీ ఆపరేటర్ ఎక్కడున్నారని అడిగింది. ఓల్సన్ వాళ్ల పాత పొలానికి దక్షిణంగా అన్నాడు. ఏ ఓల్సన్ అంది. నది అవతల ఓల్సన్లు ఎవరూ లేరు. అతనికేం తెలుసు, కాల్ అవతలికి పోయిందని? ఓపిగ్గా చెప్పాడు, డోరిస్ వాళ్ల ఓల్సన్లండీ, ఎర్ర కొట్టం వాళ్లు, ఆ కొట్టం ఇప్పుడు లేదనుకోండి. ఆమె వెతుకుతోంది. అతను ఆగుతున్నాడు. ఎంతసేపో. చివర్లో అన్నాడు, "లవోన్‌కి మాత్రం ఫోన్ చెయ్యకండి. కంగారు పడుతుంది."

నాకిన్నాళ్లూ ఆ మాట తెలీదు.

డెల్గాడో గారు మైరన్‌ని అడిగారు, మరలో చెయ్యి ఉండగా కాసేపాగి చేస్తానన్నారా అని. మైరన్ లేచి నిలబడ్డాడు. "ఆవిడ పనిలో ఉందేమోనని" అన్నాడు.

డెల్గాడో గారికి అర్థం కాలేదు. తలెత్తి హాలంతా చూశారు. నేనూ వెనక్కి తిరిగి చూశాను. హార్లన్ స్టెన్విక్, ఐయోన్ బాకెన్, వాళ్ల వెనక అందరూ తలలూపుతున్నారు. ఒక్కరికీ అందులో వింత కనపడలేదు. వాళ్లయినా అదే అనేవాళ్లు. నా తమ్ముడు కూడా తలూపుతున్నాడు.

అక్టోబర్ 15

ఎంత తెలివితక్కువదాన్ని. వెర్లిన్ ఎవరినీ ఆపలేదు. ఎవరూ ఆపక్కర్లేదు. ఈ కౌంటీలో మనిషి తన కోసం ఇంకొకరిని కుర్చీలోంచి లేపడు. "మీ హక్కు, మీ ప్రాణరక్షణ" అని బోర్డు పెట్టాను నేను. అది చదివి ప్రతివాడూ నా ప్రాణానికేం తొందరలే, పాపం కార్లాకి పనెందుకు అనుకున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని, నాకు తట్టలేదు.

తమకోసం చెయ్యరు. ఇంకొకరి కోసమైతే అర్ధరాత్రి మంచులో ట్రాక్టరు వేసుకుని వస్తారు.

పాస్టర్ గ్రెచెన్‌కి ఫోన్ చేశాను. శనివారం లూటెఫిస్క్ చేప భోజనాల దగ్గర నాకు కాస్త మాట్లాడే చోటు ఇమ్మన్నాను. ఆవిడ నవ్వి, మాట్లాడొద్దు, వడ్డించు అంది.

అక్టోబర్ 18

చర్చి కింద హాలు చేపవాసనతో, వేడి వెన్న వాసనతో ఊపిరాడకుండా ఉంది. నేను ఉడికిన చేప వడ్డించాను. నా పక్కన మైరన్ కరిగిన వెన్న గరిటె పట్టుకున్నాడు. వరసలో వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే చెప్పాను: కొత్త తెర మీద మా ఆపరేటర్లకి చెయ్యి తిరగడం లేదు, కాల్స్ వస్తే తప్ప నేర్చుకోలేరు, వచ్చేవారం మీరు ఒక్క కాల్ చేసిపెడితే కార్లాకి పెద్ద సాయం. అబద్ధమేమీ కాదు. కార్లా నిజంగానే ఆ తెరని తిట్టుకుంటోంది.

హార్లన్ స్టెన్విక్ నోట్లో ముద్ద ఆగిపోయింది. "అయ్యో, ఆ పిల్ల కోసమా? ముందే చెప్పొద్దూ?" అన్నాడు. ఆ పిల్లకి యాభై దాటాయి.

ఐయోన్ రెండుసార్లు చెయ్యొచ్చా అని అడిగింది.

వెర్లిన్ రాలేదు. లూటెఫిస్క్ మానిన ఏడాది వాడి జీవితంలో ఇంకొకటి లేదు.

అక్టోబర్ 21

మోత! పొద్దున్నుంచీ మోత! తెర మీద చుక్కలు మొలకల్లా లేస్తున్నాయి. బెర్గెన్, నోర్‌లాండ్, విల్లో క్రీక్, వరసగా. కొత్త చిక్కేమిటంటే వీళ్లు ఫోన్ పెట్టరు. పరీక్ష అని చెప్పి ఊరుకోరు, నీకు నేర్చుకోవడానికి ఇది సరిపోతుందా, ఇంకాసేపు ఉండనా అని అడుగుతారు. తర్వాత కార్లా వాళ్లమ్మ మోకాళ్లు, తర్వాత మొదటి మంచు, సరే మరి అంటారు, సరే మరి అన్నాక ఇంకో కబురు మొదలెడతారు. మధ్యాహ్నానికి కార్లాకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఫోన్ నువ్వే పెట్టెయ్" అన్నాను.

"నా వల్ల కాదు. మర్యాదగా ఉండదు" అంది కార్లా.

పది చోట్ల చుక్క పక్కకి పడింది. మ్యాపు దిద్దించాం. మళ్లీ చెయ్యమంటే పండగలా మళ్లీ చేశారు. ఇంటికొస్తూ కారులో ఒక్కదాన్నే గట్టిగా పాడాను. ఏం పాడానో తెలీదు.

అక్టోబర్ 24

ఒక్కటి తప్ప అన్నీ అయ్యాయి. మిగిలింది టెల్మార్క్ టౌన్‌షిప్.

టెల్మార్క్‌లో ఇళ్లన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయిపోయాయి. ఏడాది పొడవునా పొగ లేచే ఇల్లు ఇప్పుడు ఒక్కటే. నదిగట్టున, మా తాత కట్టిన తెల్ల ఇల్లు. అందులో ఉండేది వెర్లిన్, ఆర్లీన్.

వాడు ఫోన్ తియ్యకుండా ఊరుకుంటే చాలు, గెలిచినట్టే. వాడి స్థానంలో నేనుంటే ఏం చేస్తానో ఆలోచించాను. ఆలోచించడం మానేశాను.

అక్టోబర్ 26, ఆదివారం

వెళ్లాను. పెరట్లో చెక్కలు పేరుస్తున్నాడు. సోయా ఎలా పండిందన్నాను. ఫరవాలేదన్నాడు. గాలి చల్లబడిందన్నాను. చల్లబడిందన్నాడు. చర్చిలో అన్న మాటకి తప్పు నాదేనన్నాను. సరేలే అన్నాడు, ఇంకో చెక్క పెట్టాడు. ఆర్లీన్ కాఫీ ఇచ్చింది. తాగాను. వచ్చేశాను.

అడగలేదు. అడగడానికే వెళ్లి, కప్పు కడిగి పెట్టి మరీ వచ్చాను. వాడికి ఇబ్బందని.

కారులో కూర్చున్నాక నవ్వొచ్చింది. ఊరందరికీ కాల్ చెయ్యడం నేర్పించాను కదా నేను.

అక్టోబర్ 27

మళ్లీ వెళ్లాను. ఈసారి కారు దిగుతూనే అడిగేశాను, కూర్చుంటే మళ్లీ వాతావరణంలోకి పోతానని.

"వెర్లిన్, నాకొక సాయం కావాలి. టెల్మార్క్ నుంచి నువ్వు కాల్ చెయ్యాలి. చేస్తే నీ కేసు పోతుంది. అయినా అడుగుతున్నాను."

వాడు గొడ్డలి పక్కన పెట్టాడు. "కౌంటీ కోసమా?"

"కాదు" అన్నాను. "మైరన్ చెయ్యి కోసం. ఆస్పత్రికి కాస్త ముందొచ్చి ఉంటే చెయ్యి ఉండేదన్నారు. అప్పట్నుంచీ నాకు వేరే ఆలోచన లేదు. నిబంధన అదీ ఇదీ అని అందరికీ చెబుతున్నాను. నాకూ నేను అదే చెప్పుకుంటున్నాను."

ఏడ్చాను. వాడి ముందు నేను ఏడ్చింది అమ్మ పోయినప్పుడే. వాడు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఆ ముక్క మేలోనే చెప్పొచ్చుగా అక్కా. మూడు వందల పేజీల నిబంధన పంపావు నాకు" అన్నాడు.

లోపలికెళ్లి వంటగది గోడ ఫోన్ తీసి 911 నొక్కాడు. పరీక్ష కాల్, వెర్లిన్ హెగ్దాల్, టెల్మార్క్ అన్నాడు. అవతలి మాట విని వాడి మొహం మారింది. ఫోన్ నా చేతికిచ్చాడు. అవతల కార్లా కాదు. నది అవతలి కౌంటీ కేంద్రం. మర్యాదగా అడుగుతున్నారు, మీ టెల్మార్క్ ఎక్కడండీ అని.

వాడింటికి టపా నది అవతలి ఊరి నుంచి వస్తుంది. వంతెన దగ్గరని ఎప్పుడో అలా ఏర్పాటు చేశారు. చిరునామాలో ఆ ఊరి పేరే ఉంది. మ్యాపు దాన్ని నమ్మి చుక్కని అవతలి గట్టున పెట్టింది, కాల్ చుక్క వెంట పోయింది. మా తమ్ముడికి పుట్టిన ఇల్లే పరాయి కౌంటీ అయింది.

చచ్చాననుకున్నాను. ఇక వాడి లాయరుకి ఇది చాలు. వెర్లిన్ కిటికీ దగ్గరికెళ్లి నది వైపు చూశాడు.

"బావ కాల్ కూడా ఇలాగే పోయిందా?"

"ఇలాగే."

"ఎన్నాళ్లు పడుతుంది దిద్దడానికి?"

అక్టోబర్ 30

దిద్దాం. మధ్యాహ్నం వెర్లిన్ మళ్లీ కాల్ చేశాడు. నేను కార్లా వెనక నిలబడి కుర్చీ పట్టుకున్నాను. చుక్క మెల్లగా కదిలి తెల్ల ఇంటి మీద, సరిగ్గా వంటగది ఉన్న మూల మీద కూర్చుంది. కార్లా కూడా ఏడ్చింది. తర్వాత ఇద్దరూ పావుగంట మంచు తొలగించే స్నోబ్లోయర్ల గురించి మాట్లాడుకున్నారు. నేను ఆపలేదు.

నవంబర్ 6

విచారణ. అన్ని టౌన్‌షిప్‌లకీ చుక్కలున్న మ్యాపు గోడ మీద వేశాం. డెల్గాడో గారు కళ్లజోడు తీసి దగ్గరగా వెళ్లి చూశారు.

కోఆపరేటివ్ లాయరు వెర్లిన్‌ని బోనెక్కించాడు. టెల్మార్క్ మొదటి కాల్ తప్పు కౌంటీకి పోయిందా లేదా అని అడిగాడు. పోయిందన్నాడు వెర్లిన్. అయితే ఈ నెట్‌వర్క్‌ని నమ్మలేమని ఒప్పుకుంటారా అన్నాడు లాయరు.  

"పరీక్ష పెట్టింది అందుకే కదండీ. ఆ తప్పు పాతదే. మా ఇంట్లో ఎప్పట్నుంచో కూర్చుని ఉంది. పరీక్ష లేకపోతే అది నాకు ప్రాణం మీదికొచ్చిన రోజున తెలిసేది. ఇప్పుడు సరిగ్గా ఉంది. వాయిదా నాకు అక్కర్లేదు" అన్నాడు.

లాయరు కాగితాలు సర్దుకున్నాడు. వెర్లిన్ మాత్రం కూర్చోలేదు. వాయిదా వద్దన్నానే గాని ఖర్చు సంగతి వదల్లేదని, చిన్న చిన్న కోఆపరేటివ్‌లన్నీ కలిసి ఒకే దారిలో కాల్స్ మోసుకునే వీలివ్వకపోతే తను ఇక్కడే నిలబడి ఉంటానని అన్నాడు. నేను లేచి, కౌంటీకి అందులో అభ్యంతరం లేదన్నాను. లేదనడమే కాదు, బాగుందన్నాను. మొదటిసారి ఇద్దరం ఒక పక్క నిలబడ్డాం. మైరన్ వెనక వరసలో కూర్చుని కుడిచేత్తో తొడ మీద కొట్టుకుంటున్నాడు. అది చప్పట్లట.

నవంబర్ 20

గెలిచాం. ఏడాది గడువు ఖాయం, వాయిదా లేదు, కోఆపరేటివ్‌లు కలిసి మోసుకోవచ్చు. కాగితం రెండుసార్లు చదివి మైరన్‌కి వినిపించాను. విని, "ఇక పడుకుంటావా రాత్రిళ్లు?" అన్నాడు. నేను పడుకోవడం లేదని తెలుసా అన్నాను. పక్కనేగా ఉంటాను అన్నాడు.

అతని చేతికీ నేను మేలో అడిగినదానికీ సంబంధం ఉంది. మొదటినుంచీ ఉంది. ఇవాళ అతనితో కూడా చెప్పాను. నాకు తెలుసన్నాడు.

ఫిబ్రవరి 3

పాత దారి ఇవాళ ఆపేశాం. గడువు ఇంకా బోలెడుంది. ఓడిపోయినవాడు కావాలని సాగదీశాడన్న మాట పడనని వెర్లిన్ తన మనుషుల్ని మంచులో పరిగెత్తించాడు. రాష్ట్రంలో అందరికంటే ముందు మారిన కౌంటీల్లో మాదొకటి. కేంద్రంలో కేకు కోశాం. వెర్లిన్ పెద్ద ముక్క తీసుకుని, ఇది సభ్యుల వాటా అన్నాడు.

మార్చి 16

నిన్న మంచువాన. కొమ్మ కొమ్మకీ గాజు పట్టింది. ఆర్లీన్ వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది. వెర్లిన్ ఒక్కడే ఇంటి కప్పు మీద ఐసు కొట్టడానికి నిచ్చెనెక్కాడు. ఈ వయసులో. నిచ్చెన జారింది. తుంటి విరిగింది, తల పగిలింది, పెరట్లో ఐసు మీద పడి ఉన్నాడు. సెల్ ఫోన్ జేబులో ఉంది. నా తమ్ముడు పుట్టాక మొదటిసారి తన కోసం 911 నొక్కాడు.

కాల్ కార్లాకే వచ్చింది. ఇవాళ పొద్దున నన్ను కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. "కార్లా, బిజీగా ఉన్నావా?" అన్నాడట. లేనండీ అంది. రోడ్లు ఎలా ఉన్నాయన్నాడట. వాళ్లమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయన్నాడట. చుక్క అప్పటికే వాడి పెరట్లో, కొట్టానికీ ఇంటికీ మధ్య వెలుగుతోంది. గొంతు తేడాగా ఉందని, చుక్క కదలడం లేదని కార్లా చూసింది. అమ్మ మోకాళ్ల గురించి చెబుతూనే ఒక చేత్తో అంబులెన్సుని పంపేసింది.

డాక్టరు అన్నాడు, ఆ చలిలో ఇంకాసేపు పడి ఉంటే తుంటి సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదని.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాను. తలకి కట్టు, ముక్కు ఎర్రగా, మొహం మాత్రం కోపంగా ఉంది. మైరన్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని వాడి మోచేతి మీద తన కుడిచెయ్యి వేసి ఉన్నాడు. వెర్లిన్ నన్ను చూడగానే అంబులెన్సు కుర్రాళ్ల మీద ఫిర్యాదు మొదలెట్టాడు. గేటు తెరుచుకుని లోపలికొచ్చేశారట. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉందట. కార్లాతో అసలు సంగతి ఇంకా ఎత్తనే లేదట.

"నేనింకా అడగనే లేదు" అన్నాడు.

నేను వాడి నుదురు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

"అడగక్కర్లేదురా" అన్నాను.